మొదటి ఆదివారం ఎర్రమట్టి దిబ్బలకు

కొత్త విద్యార్థుల స్వాగత సభలో మాట్లాడమని అడిగినప్పుడల్లా నేను ఏదో ఒక పని కల్పించుకుని తప్పుకుంటాను. జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, పెద్దలందరూ వరుసగా మాట్లాడి, నా వంతు వచ్చేసరికి భోజనాల వేళ దాటిపోతుంది. కడుపు కాలుతున్న పిల్లల ముందు నిలబడి విద్య గొప్పతనం గురించి ఉపన్యసించడం నా వల్ల కాదు. చెప్పదలచుకున్నది తీరిగ్గా ఇక్కడ రాసి పెడుతున్నాను. విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ భూగర్భశాస్త్రం చదవడానికి వచ్చినవాళ్ళ కోసం ఇది. వేరే విభాగాల వాళ్ళు చదివితే సంతోషమే. రాళ్ళ గొడవ విసుగు పుట్టించిన చోట దాటేయండి.

మీరందరూ డిగ్రీలో ఈ సబ్జెక్టు చదివి, ప్రవేశ పరీక్ష రాసి, కౌన్సెలింగ్ గండం గట్టెక్కి వచ్చినవాళ్ళు. గార్నెట్ అనే ఖనిజం ఏ స్ఫటిక వ్యవస్థకు చెందినదో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అదే గార్నెట్ రాతిలో ఇమిడి ఎదురుపడితే గుర్తుపట్టరు. ఎందుకో నాకు తెలుసు. చాలా కాలేజీల్లో నమూనాల బీరువా తాళం తీసేది ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడ్డాకే. ఒక్కో రాయి మీద తెల్ల రంగు చుక్క పెట్టి నంబరు వేసి ఉంటుంది. మాస్టారు తెలివిగా నంబర్లు మార్చినా పిల్లలు అంతకన్నా తెలివైనవాళ్ళు. మూల విరిగినది హార్న్‌బ్లెండ్, బల్ల మీద పెడితే ఊగేది మైక్రోక్లైన్, సిరా మరక ఉన్నది కాల్సైట్. ఈ విద్యలో మా తరం మీకు ఏమాత్రం తీసిపోదు.

ఇక్కడ రాళ్ళకు నంబర్లు ఉండవు. సాయంత్రం తరగతులయ్యాక ఊళ్ళో ఏ పాత ప్రహరీ గోడ దగ్గరైనా, కైలాసగిరి ఎక్కే దారిలోనైనా కాసేపు ఆగి చూడండి. తుప్పు రంగులో, అక్కడక్కడ తెల్ల చారలతో, గట్టిగా రుద్దితే పొడి రాలే రాయి కనిపిస్తుంది. అదే ఖోండలైట్. దానిలో ముదురు ఎరుపు గింజలు గార్నెట్. సూదుల్లాంటివి సిల్లిమనైట్. వేలికి నల్లగా అంటుకునేది గ్రాఫైట్, అంటే మీ పెన్సిల్లో ఉన్నదే. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాతికి తూర్పు కనుమల్లో నివసించే ఖోండు తెగ పేరు పెట్టాడు. కోణార్క్ ఆలయం కట్టినదీ ఈ రాతితోనే. సముద్రపు గాలికి అది ఎందుకు అంతగా అరిగిపోయిందో మన ప్రహరీ గోడను చూస్తే తెలుస్తుంది.

ఆ రాయి ఒకప్పుడు బురద. నీటి అడుగున చేరిన బంకమట్టి భూమి లోపలికి దిగబడి, ఎనిమిది వందల డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి ఇలా తయారైంది. ఇది సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందటి మాట. అప్పట్లో మన తూర్పు కనుమలూ తూర్పు అంటార్కిటికాలో కొంత భాగమూ ఒకే నేల. అక్కడి మంచు కింద ఉన్న రాళ్ళకూ మన కొండల రాళ్ళకూ వయసులు కలుస్తాయి, ఖనిజాలు కలుస్తాయి. విశాఖ బీచ్‌లో నిలబడి ఎదురుగా చూస్తే ఒకప్పుడు అక్కడ సముద్రం లేదు, అంటార్కిటికా ఉండేది. ఈ మాట తరగతిలో చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు నోట్సు రాయడం ఆపి కిటికీలోంచి చూస్తారు. వాళ్ళ పేరు నేను గుర్తుపెట్టుకుంటాను.

హ్యాండ్ లెన్స్ కొనండి, పదింతలు చూపించేది. దాన్ని రాతికి దగ్గరగా పెట్టి, తాము దూరంగా నిలబడి, డిటెక్టివ్ సినిమాల్లోలా చూస్తారు అందరూ. అలా కాదు. లెన్స్‌ను కంటికి ఆనించుకోవాలి, రాతిని లెన్స్ దగ్గరికి తేవాలి. రాయి చేతికి రానంత పెద్దదైతే మీరే దాని మీదకు వంగాలి. ముక్కుకు మట్టి అంటుతుంది. అంటనివ్వండి.

మాట్లాడటం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మొదటి నెలల్లో మన తరగతి రెండుగా చీలిపోతుంది. ముందు వరుసల్లో ఇంగ్లీషు మాధ్యమం నుంచి వచ్చినవాళ్ళు, వెనక వరుసల్లో శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు ప్రభుత్వ కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు. వెనక వాళ్ళు మాట్లాడరు. ప్రశ్న అడిగితే తల దించుకుంటారు. మరీ గుచ్చి అడిగితే, తెలిసిన జవాబు కూడా తెలియదంటారు. ఇంగ్లీషులో వాక్యం తప్పు పోతుందేమోనన్న భయం, ముందు వరుసలో ఎవరో నవ్వుతారేమోనన్న అనుమానం.

కొన్నేళ్ళ కిందట భూగర్భ జలాల మీద పాఠం చెబుతున్నాను. గట్టి రాతి ప్రాంతాల్లో పైన మట్టి, దాని కింద శిథిలమైన రాయి, ఆ కింద పగుళ్ళున్న రాయి, అడుగున పగుళ్ళు లేని రాయి అని బోర్డు మీద బొమ్మ గీశాను. ఒక్కో పొర ఎంత మందం ఉంటుంది, మారినట్లు ఎలా తెలుస్తుంది అని అడిగాను. ముందు వరుస వాళ్ళు పుస్తకంలో ఉన్న అంకెలు చెప్పారు. వెనక నుంచి అనకాపల్లి వైపు పిల్లవాడు ఒకడు చాలా సేపు తటపటాయించి, "తెలుగులో చెప్పవచ్చా మేడమ్?" అన్నాడు. వాళ్ళ నాన్న బోరు బండి మీద పనిచేస్తాడు. సెలవుల్లో ఇతనూ వెళ్ళేవాడు. బోరులోంచి ఎగిరే పొడి రంగు ఎర్ర నుంచి పసుపుకు, పసుపు నుంచి బూడిద రంగుకు ఎలా మారుతుందో, కేసింగ్ గొట్టం ఎక్కడ ఆపాలో ఆ రంగును బట్టి ఎలా నిర్ణయిస్తారో, పగులు తగిలినప్పుడు బండి చప్పుడు ఎలా మారుతుందో, ఎండు పొడి ఒక్కసారిగా బురదై ఎలా చిమ్ముతుందో చెప్పుకుపోయాడు. నేను చాక్‌పీసు పక్కన పెట్టి కూర్చున్నాను. నాకు ఆ చప్పుడు సంగతి తెలియదు.

ఆ రోజు నుంచి నా తరగతిలో ఒక నియమం ఉంది. ప్రశ్న ఏ భాషలోనైనా అడగవచ్చు. పరిభాష మాత్రం ఇంగ్లీషులో నేర్చుకోక తప్పదు. పరిశోధన పత్రాలు ఆ భాషలోనే ఉన్నాయి, పరీక్షలూ ఆ భాషలోనే. దానికి రోజుకు పది మాటలు చాలు, ఏడాది తిరిగేసరికి మీకే తెలియకుండా వచ్చేస్తాయి. చౌడు నేల, గరప నేల, పలుగురాయి, నాపరాయి, ముగ్గురాయి తెలిసి వచ్చినవాళ్ళు సున్నా నుంచి మొదలుపెడుతున్నట్టు భావించనక్కరలేదు. కడప వైపు నుంచి వచ్చే పిల్లలకు బెరైటీస్ గురించి, అంటే ముగ్గురాయి గురించి, నేను కొత్తగా చెప్పేది ఏముంటుంది? మంగంపేట నుంచి ముగ్గురాయి లారీలు పోవడం వాళ్ళు చూస్తూ పెరిగారు. ఆ పొడి చమురు బావులు తవ్వేటప్పుడు బరువు కోసం బురదలో కలుపుతారన్నది మాత్రం నేను చెబుతాను.

ముందు వరుస వాళ్ళకూ ఒక మాట. మీరు నవ్వకండి. అంతే.

రెండో సెమిస్టరు వచ్చేలోగా ప్రతి ఒక్కరి చేతా ఒక రాతి స్లైడును చేత్తో తయారు చేయిస్తాను. యంత్రాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, అవి మీ ప్రాజెక్టు పనికి. మొదటిది మాత్రం మీ వేళ్ళతోనే. రాతిని బిళ్ళగా కోసి, గాజు పలకకు అతికించి, కార్బోరండం పొడి, నీళ్ళు చల్లి అరగదీయాలి. 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా. అంత సన్నగా అయిందని ఎలా తెలుస్తుంది? క్వార్ట్జ్ చెబుతుంది. ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినిలో పెట్టి అడ్డ నికోల్స్ మధ్య, అంటే ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు ధ్రువణ ఫలకాల మధ్య చూస్తే, మందం ఎక్కువైనప్పుడు క్వార్ట్జ్ పసుపుగా కనిపిస్తుంది. సరైన మందానికి బూడిద తెలుపులోకి వస్తుంది. ఆ రంగు వచ్చాక ఆగాలి. "ఇంకొంచెం" అనుకున్నవాళ్ళకు గాజు పలక మిగులుతుంది, రాయి ఉండదు. మొదటి స్లైడు పోగొట్టుకోని బ్యాచ్‌ను నేను ఇంతవరకు చూడలేదు. దానికి మార్కులు తగ్గించను, కాబట్టి పక్కవాడి స్లైడు అడిగి తెచ్చి చూపించకండి. ఎవరి వేళ్ళు ఎంత అరిగాయో నాకు కనిపిస్తూనే ఉంటుంది.

స్లైడు కుదిరిన రోజున ఖోండలైట్‌ను సూక్ష్మదర్శినిలో పెట్టి, స్లైడు ఉంచిన బల్లను తిప్పండి. క్వార్ట్జ్ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. సిల్లిమనైట్ సూదులు నీలం, పసుపు, గులాబీ రంగులు పోతాయి. గార్నెట్ మాత్రం ఎంత తిప్పినా నల్లగానే ఉంటుంది. "ఐసోమెట్రిక్" అని, అంటే మూడు అక్షాలూ సమానమైన స్ఫటికమని, మీరు డిగ్రీలో రాసిన మాట అదిగో, ఆ నలుపు.

ఇక మన విశ్వవిద్యాలయం గురించి. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇవన్నీ స్వాగత సభలో చెబుతారు. సభలో అంతగా చెప్పనిది మరొకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలో విశ్వవిద్యాలయమే మూటాముల్లె కట్టుకుని గుంటూరుకు తరలిపోయింది. యుద్ధం ముగిశాక గాని మళ్ళీ ఇక్కడికి రాలేదు. పరికరాలు, పుస్తకాలు, మనుషులు, అంతా. హాస్టల్లో నీళ్ళ మోటారు పాడైందని తరగతి ఎగ్గొట్టినవాళ్ళకు నేను ఈ కథ చెబుతుంటాను. వాళ్ళకు నచ్చదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ 1952 నాటిది. అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త అతిథి ఆచార్యుడిగా ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ భూగర్భశాస్త్రంలో మహాదేవన్ ఉన్నారు, సి.వి. రామన్ శిష్యుడు. విద్యార్థులను వెంటబెట్టుకుని, నౌకాదళం ఓడల మీద బంగాళాఖాతంలోకి వెళ్ళి, నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, ప్రవాహాలు, అడుగు లోతు కొలిచారు. తరువాతి ఏళ్ళలో, మన తీరానికి ఎదురుగా, ఖండపు వాలు మీద, అంటే సముద్రం అడుగు లోతుకు దిగిపోయే చోట, నీటి కింద పెద్ద పెద్ద లోయలు ఉన్నట్టు తేలింది. పటాల్లో అంతకుముందు లేని లోయలు. వాటికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మీరు రోజూ సాయంత్రం మొక్కజొన్న పొత్తు తింటూ చూసే సముద్రం అడుగున మన విభాగం ఆచార్యుడి పేరున ఒక లోయ ఉంది. ఆ తొలి యాత్రల కొలతల వివరాలు విశ్వవిద్యాలయం 1950లలో సంపుటాలుగా అచ్చువేసింది. గ్రంథాలయంలో అడిగి తెప్పించుకుని చూడండి. అంకెల పట్టికలు, చేత్తో గీసిన పటాలు. ఆ అంకెలు కొలిచినవాళ్ళలో అప్పటి విద్యార్థులు ఉన్నారు, మీ వయసు వాళ్ళు.

అందుకే మిమ్మల్ని ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్తాను. విశాఖకూ భీమునిపట్నానికీ మధ్య, సముద్రం ఒడ్డున, ఎర్ర ఇసుక మేటలు వాన నీటికి కోసుకుపోయి లోతైన వాగులుగా మారిన చోటు. సినిమా పాటల్లో చూసే ఉంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు భూగర్భ విశేషమని పెట్టిన బోర్డు ఎవరైనా చదివారా? గ్రానైట్ మీద క్వార్ట్జైట్ కూర్చున్న గీత అది. ఆ రెంటికీ మధ్య కోట్ల సంవత్సరాల కాలం మాయమైంది. గోవింద నామాలు చెప్పుకుంటూ మనమంతా దాన్ని దాటి పోయాం.

ఎర్రమట్టి దిబ్బలు ఎలా ఏర్పడ్డాయన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా నూట ఇరవై మీటర్ల దాకా కిందికి ఉండేది. తీరం ఎక్కడో దూరంగా జరిగింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి తెచ్చి ఇక్కడ మేటవేసిందని ఒక వాదం. కాదు, కొండల నుంచి వాగులు మోసుకొచ్చిన భాగం తక్కువేమీ కాదని మరో వాదం. ఎరుపు ఎక్కడిదన్న దాని మీదా చర్చ ఉంది. గార్నెట్, ఇల్మనైట్ లాంటి ఇనుమున్న ఖనిజాలు అక్కడికక్కడే శిథిలమై ఇసుక రేణువులకు తుప్పు పూత పట్టించాయని చాలామంది అంటారు. నేను గాలి వైపు. మా విభాగంలోనే నా పాత మిత్రుడొకాయన వాగుల వైపు. ఇద్దరం ఒకే వాగులో నిలబడి, ఒకే గోడకు వేలు చూపిస్తూ, మీ ముందే పోట్లాడుకుంటాం. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు మెల్లగా వచ్చి, "పరీక్షలో ఎవరి మాట రాయాలి మేడమ్?" అని అడుగుతారు. ఇసుక రేణువుల పరిమాణం చూడండి, గుండ్రంగా ఉన్నాయో కోసుగా ఉన్నాయో చూడండి, పొరల వాలు కొలవండి, ఆ రేణువులు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్ళయిందో కాంతి పద్ధతిలో లెక్కకట్టిన పత్రాలు చదవండి. ఆ తరువాత మీకు ఏది తోస్తే అది, కారణాలతో రాయండి. ఆయనను సమర్థించినా మార్కులు వేస్తాను. కొంచెం బాధతో వేస్తాను.

అమ్మాయిల తల్లిదండ్రులు ఫోను చేసి అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. "కొండలెక్కాలా అమ్మా? ఎండలో తిరగాలా? తోడు ఎవరు వస్తారు?" ఎక్కాలి, తిరగాలి, నేను వస్తాను. గని ఉద్యోగాల విషయంలో మా రోజుల్లో తలుపు మూసే ఉండేది. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భ గనుల్లోకి దిగనిచ్చేది కాదు. 2019లో నిబంధనలు సడలించారు. సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో పగటి వేళ భూగర్భంలోకి వెళ్ళడానికి, బహిరంగ గనుల్లో రాత్రి పనికీ అప్పుడు వీలు కలిగింది, వాళ్ళ రాతపూర్వక సమ్మతితో. భూగర్భ సర్వేక్షణ సంస్థ ఉద్యోగాలకు యూపీఎస్సీ ఏటా పరీక్ష పెడుతుంది. వివరాలు కావలసినవాళ్ళు నా గదికి రండి, తల్లిదండ్రులను తీసుకొచ్చినా సరే.

రెండో ఏడాది ఫీల్డు పనికి మన్యం వైపు వెళ్ళినప్పుడు మరొకటి గుర్తుంచుకోవాలి. అక్కడి ఖోండలైట్ కొండల నెత్తిన, రాయి లక్షల ఏళ్ళు నాని శిథిలమై, బాక్సైట్ టోపీలా మిగిలింది. దాన్ని తవ్వుతామన్న ప్రతిపాదనలు చాలా కాలం నడిచాయి, గిరిజనులు అంతే కాలం వాటిని అడ్డుకున్నారు. భుజాన సంచి, చేతిలో సుత్తి, మెడలో దిక్సూచి వేసుకుని కొండ మీద మీరు కనిపిస్తే వాళ్ళకు ఏమనిపిస్తుందో ఊహించండి. ఊళ్ళోకి వెళ్ళగానే పెద్దలను కలవండి. విద్యార్థులమని, ఫలానా పని మీద వచ్చామని, ఇన్ని రోజులు ఉంటామని చెప్పండి. కాగితం చూపించండి. వాళ్ళు వద్దన్న కొండ ఎక్కకండి. ఒకసారి మమ్మల్ని వద్దన్నారు. దిగి వచ్చేశాం, మరో కొండ పటం గీశాం. ఆ కొండ మీది రాళ్ళెలా ఉంటాయో ఇప్పటికీ నాకు తెలియదు, దానివల్ల శాస్త్రానికి వచ్చిన లోటూ లేదు.

సీనియర్ల గురించి రెండు ముక్కలు. మంచివాళ్ళు, పాత నోట్సు ఇస్తారు, మెస్సులో ఏ రోజు ఏది తినకూడదో చెబుతారు. ఎవరైనా హద్దు మీరితే ర్యాగింగు నిషేధానికి రాష్ట్రంలో 1997 నుంచి చట్టం ఉంది. అర్ధరాత్రయినా నాకు ఫోను చేయవచ్చు.

తరగతులు మొదలైన తరువాత వచ్చే మొదటి ఆదివారం, ఉదయం ఆరింటికి భీమిలి బస్సు ఎక్కుతాం. టోపీ, రెండు సీసాల నీళ్ళు, అట్ట గట్టిగా ఉన్న నోటుపుస్తకం, పెన్సిల్. పెన్ను వద్దు, చెమటకు అలుక్కుపోతుంది. బూట్లు వేసుకోండి. చెప్పులతో వచ్చినవాళ్ళు వాగు గట్టునే కూర్చుని మాకు టిఫిన్ పొట్లాలు కాపలా కాయవలసి ఉంటుంది. సుత్తి తేవద్దు. అది రక్షిత స్థలం, పైగా ఇసుకను సుత్తితో కొట్టి చేసేదేమీ లేదు. కాస్త బలమైన అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోండి, దారిలో బీచ్ దగ్గర దిగి నల్ల ఇసుక చారలు చూద్దాం. ప్లాస్టిక్ కవరులో చుట్టి తేవాలి, లేకపోతే అంటుకున్న గింజలు వారం రోజులు గీకినా వదలవు.